దిగువ అంచున కూర్చున్న కుక్క: పాత యానిమేషన్ చిత్రాల హక్కుదారులకు, పునరుద్ధరణ బృందాలకు బహిరంగ లేఖ

చేతితో గీసిన యానిమేషన్ చిత్రాల హక్కులు కలిగిన నిర్మాణ సంస్థలకు, ఆ చిత్రాలను పునరుద్ధరించి మళ్లీ విడుదల చేస్తున్న సాంకేతిక నిపుణులకు నమస్కారం.

చిన్నతనంలో వీడియో క్యాసెట్ అరిగిపోయేంతగా చూసిన ఒక యానిమేషన్ చిత్రాన్ని ఇటీవల, దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత, ఎనిమిదేళ్ల మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చూశాను. ఆ చిత్రం పేరునుగానీ, దాని హక్కులున్న సంస్థ పేరునుగానీ ఈ లేఖలో రాయడం లేదు. ఏదో ఒక సంస్థను వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. నాకు ఎదురైన అనుభవమే ఇలాంటి చిత్రాలను ప్రేమించిన ఎంతోమందికి ఎదురవుతోంది కాబట్టి, ఈ పనిలో ఉన్న అందరికీ కలిపి రాస్తున్నాను.

కథ చిన్నదే. కొండ మీది ఇంట్లో అవ్వతో కలిసి ఉండే ఒక పిల్ల, సముద్రం మీదికి వెళ్లి తిరిగిరాని అన్నను వెతుక్కుంటూ, తెల్లవారకముందే ఇల్లు విడిచి బయలుదేరుతుంది. వెళ్లవద్దని ముందు రోజు రాత్రి అవ్వ మందలించి, తలుపుకు గొళ్లెం పెడుతుంది. తెల్లవారుజామున పిల్ల భయపడుతూ తలుపు తోస్తే అది తెరుచుకుంటుంది. ఆ తర్వాత వచ్చే దృశ్యాన్ని ఇంటి లోపలి నుంచి చూస్తున్నట్టుగా గీశారు. ఎదురుగా తలుపు చట్రం, దానికి అవతల కొండదారి, ఆ దారిలో అంతకంతకూ చిన్నదైపోతున్న పిల్ల. బొమ్మకు అట్టడుగున, గడప మీద, మన వైపు వీపు పెట్టి కూర్చున్న ఇంటి ముసలి కుక్క. అది మొరగదు, వెంట పరుగెత్తదు. పిల్ల మలుపు తిరిగి కనుమరుగయ్యే సమయానికి ఒక్కసారి తోక కదిలించి ఆపేస్తుంది. చిన్నప్పుడు ఆ సన్నివేశంలో నేను పిల్ల వంక చూసేదాన్ని కాదు, ఆ తోక కదలిక కోసమే ఎదురుచూసేదాన్ని.

కొత్తగా విడుదలైన ప్రతిలో ఆ కుక్క కనిపించలేదు. తలుపు ఉంది, దారి ఉంది, పిల్ల ఉంది. రిమోట్‌తో వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాను. చివరికి మా అమ్మాయే తెర దగ్గరికి వెళ్లి, దిగువ అంచు మీద వేలు పెట్టి, "అమ్మా, ఇక్కడ నల్లగా రెండు కొసలున్నాయే, అవేంటి?" అని అడిగింది. నిజంగానే అక్కడ రెండు చిన్న నల్లటి ముక్కోణాలు ఉన్నాయి. అవేమిటో నేను చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్లుగా ప్రాణప్రదంగా దాచుకున్న ఆ కుక్కను బహుశా నేనే ఎక్కడినుంచో తెచ్చి ఆ గడప మీద కూర్చోబెట్టుకున్నానేమోనని, వేరే చిత్రంలోని కుక్క జ్ఞాపకంలో ఇక్కడికి వచ్చి చేరిందేమోనని అనుకుని ఊరుకున్నాను.

కొన్ని నెలల తర్వాత పాత పెట్టెలో ఆ క్యాసెట్ దొరికింది. దాన్ని ఆడించే యంత్రం సంపాదించడానికి మరికొంత కాలం పట్టింది. రంగులు వెలిసిపోయి, తెర పైభాగాన గీతలు పరుగెడుతూ ఉన్న ఆ బొమ్మలో కుక్క ఉంది. గడప మీదే ఉంది. తోక కదిలించింది. మేము చూసిన రెండు నల్లటి కొసలు దాని చెవులు. మిగతా ఒళ్లంతా కొత్త ప్రతి తయారుచేసినప్పుడు తెర అంచుకు అవతల పడిపోయింది.

అలా ఎందుకు జరిగిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఈ చిత్రాన్ని టెలివిజన్ కోసం 4:3 నిష్పత్తిలో, అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు ఉండేలా గీశారు. ఇప్పటి తెరలు 16:9 నిష్పత్తిలో ఉంటాయి. బొమ్మకు ఇరువైపులా నల్లటి ఖాళీ ఉంటే ప్రేక్షకులు ఇష్టపడరన్న అంచనాతో బొమ్మను పైనా కిందా కత్తిరించి వెడల్పు తెరకు సరిపెట్టారు. 4:3లో ఉన్న బొమ్మను 16:9కు కత్తిరిస్తే దాని ఎత్తులో సరిగ్గా నాలుగో వంతు పోతుంది. తలుపు చట్రంలో నాలుగో వంతు పోతే ఎవరికీ తెలియకపోవచ్చు, కానీ ఈ సన్నివేశంలో ఆ నాలుగో వంతులోనే కుక్క ఉంది. బొమ్మను పొడుగ్గా గీసినా థియేటర్‌లో వెడల్పుగా చూపించాలన్న ఆలోచనతోనే పాత్రలను మధ్యలో అమర్చిన చిత్రాలు కూడా ఉన్నాయని నాకు తెలుసు. వాటిని కత్తిరించి చూపడమే సరైన పద్ధతి. అందుకే నేను అడుగుతున్నది ఒకటే కొలత అన్ని చిత్రాలకూ పెట్టమని కాదు. గీసినవాళ్లు ఏ చట్రం కోసం గీశారో తెలుసుకుని, ఆ చట్రంలోనే చూపించమని అడుగుతున్నాను.

ఈ విషయంలో ప్రేక్షకులు అడిగితే జరిగిన మార్పుకు ఉదాహరణ ఉంది. 2019లో డిస్నీ ప్లస్ అనే ఆన్‌లైన్ ప్రసార సేవ మొదలైనప్పుడు ‘ది సింప్సన్స్’ ధారావాహిక పాత భాగాలను 16:9కు కత్తిరించి చూపించారు. వేర్వేరు రకాలని చెప్పి అమ్మే మూడు పానీయాలూ ఒకే గొట్టం నుంచి వస్తున్నాయన్న ఒక దృశ్య హాస్యం అందులో ఉంది. పైన ఉన్న ఆ గొట్టం కత్తిరింపులో పోవడంతో హాస్యం కూడా పోయింది. ప్రేక్షకులు అభ్యంతరం చెప్పిన తర్వాత, 2020 మే నెలలో, పాత నిష్పత్తిలో చూసే వీలును అదనంగా కల్పించారు. ఏ నిష్పత్తి కావాలో చూసేవాళ్లే ఎంచుకోవచ్చు. మా చిత్రానికీ అలాంటి వీలు కల్పించడం అసాధ్యం కాదని దీన్నిబట్టి నాకు నమ్మకం కలిగింది.

పెద్దయ్యాక మళ్లీ చూడడం వల్ల ఏం దొరుకుతుందో ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా విన్నపమంతా దాని మీదే ఆధారపడి ఉంది. చిన్నప్పుడు ఆ అవ్వ అంటే నాకు కోపం. తలుపుకు గొళ్లెం పెట్టి పిల్లను ఆపాలని చూసిన మనిషిగానే ఆమె నాకు గుర్తుంది. తెల్లవారుజామున తలుపు తెరుచుకోవడం పిల్ల అదృష్టమని అనుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే, పిల్ల అడుగు తీసి అడుగు వేస్తున్నంతసేపూ అవ్వ గోడ వైపు తిరిగి పడుకుని ఉంటుంది, దుప్పటి అంచు పట్టుకున్న ఆమె వేళ్లు మాత్రం ఒక్కసారి బిగుసుకుంటాయి. అంతే, అవ్వ నోట మాట లేదు, సంగీతం లేదు. రాత్రి గొళ్లెం పెట్టిన చేతులే ఎప్పుడో లేచి గొళ్లెం తీసి పెట్టాయన్న సంగతి, మా అమ్మాయి పక్కన కూర్చుని ఉండగా, నాకు అప్పుడు తెలిసింది. అవ్వకు అంతా తెలుసు. ఆపలేనని తెలుసుకుని, తనకు తెలుసన్న సంగతి పిల్లకు తెలియకుండా పంపించింది. ఆ వెంటనే వచ్చే తలుపు దృశ్యంలో గడప మీద కుక్క ఉంటే, ఇల్లంతా మేలుకుని ఆ పిల్లను సాగనంపుతున్నట్టు ఉంటుంది. కుక్క లేకపోతే అది ఎవరూ చూడకుండా పారిపోతున్న పిల్ల బొమ్మ. కత్తిరింపు వల్ల సన్నివేశం అర్థమే మారిపోయిందని నేను అంటున్నది ఇందుకే.

జ్ఞాపకాన్ని నేను గుడ్డిగా వెనకేసుకురావడం లేదు. సముద్ర ప్రయాణం చిత్రంలో సగం ఉంటుందని నాకు గుర్తు, చూస్తే అది కొద్ది నిమిషాలే. అవ్వ గొంతు చించుకుని అరిచినట్టు గుర్తు, ఆమె అసలు గొంతే పెంచదు. రేవు దగ్గర వానలో నిలబడి పిల్ల ఏడ్చినట్టు గుర్తు, ఆమె ఏడవదు, అవి వాన చినుకులు. ఇలా నా జ్ఞాపకం ఎక్కడ తప్పిందో, ఎక్కడ నిలబడిందో పోల్చి చూసుకుంటున్నప్పుడే, ఆ వయసులో నేనెలాంటి పిల్లనో, దేనికి భయపడేదాన్నో, ఎవరి పక్షాన నిలబడేదాన్నో నాకు కొద్దికొద్దిగా తెలుస్తూ వచ్చింది. కానీ ఆ పోలిక సాధ్యం కావాలంటే చిత్రం మారకుండా ఉండాలి. మనిషి మారాక, చిత్రం కూడా చెప్పకుండా మారిపోతే, ఏ తేడా ఎవరిదో తేల్చుకునే దారి లేదు. ఆ కొన్ని నెలలూ నేను నా జ్ఞాపకాన్నే అనుమానించుకున్నాను. తప్పు దానిది కాదు.

వాన సంగతి వచ్చింది కాబట్టి రెండో విషయానికి వస్తాను. రేవు సన్నివేశంలో క్యాసెట్‌లో కుండపోతగా కురిసిన వాన, కొత్త ప్రతిలో పలచబడిపోయింది. పిల్ల ముఖానికి అడ్డంగా పడే చినుకు గీతలు చాలావరకు మాయమై, ఆమె పొడిగా నిలబడి ఉంది. దీనికి కారణం శుభ్రపరిచే సాఫ్ట్‌వేర్ పనిచేసే తీరు. ఒక ఫ్రేములో కనిపించి, ముందు ఫ్రేములోనూ తర్వాతి ఫ్రేములోనూ కనిపించనిదాన్ని అది దుమ్ముగా లెక్కగడుతుంది. మామూలు చిత్రాల్లో ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. చేతితో గీసిన చిత్రంలో ఒక్క ఫ్రేము మాత్రమే కనిపించాలని చిత్రకారులు గీసినవి ఎన్నో ఉంటాయి. వాన చినుకు, నిప్పురవ్వ, దెబ్బ తగిలినప్పటి మెరుపు, వేగాన్ని చూపే గీత అలాంటివే. మనిషి పర్యవేక్షణ లేకుండా యంత్రానికి అప్పగిస్తే అది వీటినీ ఊడ్చేస్తుంది.

సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 80 నిమిషాల చిత్రానికి 1,15,200 ఫ్రేములవుతాయి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపే పద్ధతిలో గీసినా 57,600 దశలు. ఇన్నింటినీ కంటితో పరీక్షించడం ఎంత శ్రమతో, ఎంత ఖర్చుతో కూడినదో నాకు తెలియకపోలేదు. అయితే అన్ని బొమ్మలనూ ఒకప్పుడు మనుషులే, చేత్తోనే గీశారన్న సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. చిత్రకారుడు పెన్సిల్‌తో కాగితం మీద గీసినదాన్ని వేరొకరు సెల్ అనే పారదర్శకమైన పలుచటి పలక మీద సిరాతో ఎత్తి గీసేవారు, ఇంకొకరు దాని వెనకవైపు రంగులు నింపేవారు, ఆ తర్వాత దాన్ని నేపథ్య చిత్రం మీద పరిచి ఒక్కో ఫ్రేమునూ కెమెరాతో తీసేవారు. సిరాతో ఎత్తి గీయడం, రంగులు నింపడం చాలా స్టూడియోల్లో ఎక్కువగా మహిళలే చేసేవారు, వాళ్లలో అనేకుల పేర్లు తెర మీదికి రాలేదు. 1961లో వచ్చిన ‘వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషన్స్’ నాటికి డిస్నీ సంస్థ జెరాక్స్ పద్ధతిని పూర్తి నిడివి చిత్రానికి వాడింది. అప్పటినుంచి అక్కడ చిత్రకారుడి పెన్సిల్ గీత ఉన్నదున్నట్టుగా సెల్ మీదికి, దాని నుంచి తెర మీదికి చేరింది. గరుకుగా, అక్కడక్కడా రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడి, కొద్దిగా వణుకుతూ కనిపించే ఆ గీతలు లోపం కావు. అవి ఆ మనిషి చేతిరాత.

కొత్త ప్రతిలో ఆ చేతిరాతే పోయింది. అవ్వ చెంప మీద మూడు సన్నటి గీతలు ఉండేవి, ఆమె మాట్లాడుతున్నప్పుడు అవి సన్నగా అదిరేవి. ఫిల్ములోని రేణువులను తొలగించే క్రమంలో ఆ గీతలు కూడా కరిగిపోయి, అవ్వ చెంప మైనంతో పోత పోసినట్టు నున్నగా తయారైంది. ఫిల్ము రేణువు అంటే బొమ్మ మీద పేరుకున్న మురికి కాదు, బొమ్మ ఆ రేణువులతోనే ఏర్పడుతుంది. సెల్ మీద వాలిన దుమ్మును, వెంట్రుకను, నెగటివ్ మీద పడ్డ గీతను తొలగిస్తే నేను చేతులెత్తి దణ్ణం పెడతాను, ఎందుకంటే వాటిని ఎవరూ కావాలని పెట్టలేదు. రేణువును, గీతను మాత్రం ముట్టుకోవద్దని వేడుకుంటున్నాను.

మీరు చేసే పని విలువ తెలియక నేను ఇలా రాస్తున్నానని అనుకోవద్దు. మీలాంటి వాళ్లు లేకపోతే ఈ కళలో ఎంత మిగిలేదో ఊహించడానికే భయమేస్తుంది. 1926లో జర్మన్ కళాకారిణి లొట్టే రైనిగర్ నీడ బొమ్మలతో రూపొందించిన ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిన్స్ అహ్మద్’, ఇప్పటికీ మిగిలి ఉన్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాల్లో అన్నిటికన్నా పాతది. దాని మూల నెగటివ్ దొరకకపోయినా, బ్రిటన్‌లో మిగిలిన, నైట్రేట్ అనే పాతకాలపు ఫిల్ము మీది ఒక ప్రింటు ఆధారంగా ఆ నాటి రంగు పూతలతో సహా దాన్ని మళ్లీ నిలబెట్టారు. దానికన్నా ముందే అర్జెంటీనాలో క్విరినో క్రిస్టియాని 1917లో తీసిన ‘ఎల్ అపోస్తోల్’ ఆ భాగ్యానికి నోచుకోలేదు, దాని ఒక్క ప్రతి కూడా ఈనాడు లేదు. 1945 నాటి జపాన్ చిత్రం ‘మొమొతారో: సేక్రెడ్ సెయిలర్స్’ యుద్ధానంతరం నాశనమైపోయిందనే అనుకున్నారు. 1980ల్లో దాని నెగటివ్ గిడ్డంగిలో బయటపడింది. దాచినవాళ్లు ఉన్నారు కాబట్టే వెతికినవాళ్లకు దొరికింది.

‘స్నో వైట్’ సంగతి నాకు మరీ ఇష్టం. 1937 నాటి ఆ చిత్రాన్ని టెక్నికలర్ వారి పద్ధతిలో ఒక్కో బొమ్మనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల గుండా మూడుసార్లు, ఒకే నలుపు తెలుపు నెగటివ్ మీద వరుస ఫ్రేములుగా తీశారు. నలుపు తెలుపు నెగటివ్‌లో రంగు ఉండదు కాబట్టి వెలిసిపోవడానికి రంగే లేదు. మూడు ఫ్రేములనూ మళ్లీ కలిపితే మొదటినాటి రంగులు తిరిగి వస్తాయి. 1993లో దాన్ని పూర్తిగా కంప్యూటర్‌లోకి ఎక్కించి, శుభ్రపరిచి, తిరిగి ఫిల్ము మీదికి దించారు. మొత్తం చిత్రాన్ని ఆ విధంగా డిజిటల్‌గా పునరుద్ధరించడం అదే మొదలు. ఆనాటి సాంకేతికత ఇప్పటిదాని ముందు ఎంత చిన్నదో మీకు తెలుసు. సాధనం పెరిగేకొద్దీ దాన్ని పట్టుకున్న చేతికి నిగ్రహం కూడా పెరగాలని కోరుకోవడం అత్యాశ కాదనుకుంటాను.

నిగ్రహం తప్పినప్పుడు దాన్ని సరిదిద్దుకున్న సందర్భాలు కూడా మీ రంగంలోనే ఉన్నాయి. 2012లో బ్లూరేగా వచ్చిన ‘సిండ్రెల్లా’లో రేణువుతో పాటు సన్నని గీతలు కూడా పోయాయని చాలామంది బాధపడ్డారు. తర్వాత అదే చిత్రాన్ని మూల నైట్రేట్ నెగటివ్ నుంచి కొత్తగా స్కాన్ చేసి, చేతి గీత విలువ తెలిసిన యానిమేషన్ కళాకారులను సంప్రదించి, 2023లో మరో పునరుద్ధరణను తీసుకువచ్చారు. పోయిందనుకున్న గీతలు తిరిగి వచ్చాయి. ‘ఫాంటేసియా’కు 1982లో సంగీతమంతా కొత్తగా వాయించి రికార్డు చేశారు. 1940లో చిత్రం విడుదలైనప్పుడు ఉన్న, వాద్యబృంద నిర్వాహకుడు స్టొకోవ్‌స్కీ ఆధ్వర్యంలో రికార్డయిన సంగీతమే మళ్లీ 1990 పునరుద్ధరణలో వినిపించింది. మొదటి నిర్ణయాలు తీసుకున్నవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. మూల నెగటివ్, మూల ధ్వని భద్రంగా ఉన్నంతకాలం ఏ పొరపాటునైనా వెనక్కి తిప్పుకోవచ్చన్నదే నేను గుర్తుచేస్తున్నది.

ధ్వని దగ్గర నాకు ఇంకొక బాధ ఉంది. ఆ చిత్రాన్ని నేను చిన్నప్పుడు తెలుగు డబ్బింగ్‌లో చూశాను. కొత్త ప్రతికి తెలుగులో కొత్తగా డబ్బింగ్ చెప్పించారు. కొత్త కళాకారులు శ్రద్ధగానే చెప్పారు, ఉచ్చారణ స్పష్టంగా ఉంది, ధ్వని నాణ్యత పాతదానికన్నా ఎన్నో రెట్లు మెరుగు. కానీ పాత డబ్బింగ్‌లో తలుపు దాటుతూ పిల్ల గుసగుసగా "వెళ్లొస్తా అవ్వా" అనేది. ఇప్పుడు "నేను వెళ్తున్నాను, అవ్వా" అంటోంది. మొదటి మాటలో తిరిగి వస్తానన్న హామీ ఉంది, తిరిగి వస్తుందన్న ఆ హామీని విన్నాకే దుప్పటి మీద అవ్వ వేళ్లు బిగుసుకుంటాయి. రెండో మాటలో ఆ హామీ లేదు. ఆనాడు ఆ మాట రాసిన అనువాదకులెవరో, ఆ గొంతు ఇచ్చినవాళ్లెవరో క్యాసెట్ మీదగానీ, చిత్రం చివరగానీ పేరు లేదు. పేరు లేని ఆ మనుషులు ఒక తరానికి ఆ పిల్లను సొంతపిల్లను చేశారు. ఆ ధ్వని టేపు ఇంకా ఏ పంపిణీదారు అరలోనైనా ఉంటే, దానిలో బుస ఉన్నా, మోనోలో ఉన్నా, కొత్త డబ్బింగ్ పక్కనే రెండో ఎంపికగా ఇవ్వమని కోరుతున్నాను. దొరికితే వాళ్ల పేర్లు కూడా వేయండి.

రంగుల గురించి ఒక్క మాట. సెల్ మీద పూసిన రంగు, ప్రేక్షకుడు తెర మీద చూసిన రంగు ఒకటి కావు. కెమెరా, ఫిల్ము, ప్రింటు ఆ రంగును ఎలా మారుస్తాయో లెక్క వేసుకునే ఆనాటివాళ్లు రంగు కలిపేవారు. అందువల్ల సెల్‌ను మాత్రమే ముందు పెట్టుకుని రంగు సరిచేస్తే తెల్లవారుజాము కాస్తా మిట్టమధ్యాహ్నంలా కనిపించే ప్రమాదం ఉంది. విడుదల నాటి ప్రింటు ఒకటైనా ఎక్కడో ఒకచోట దొరికితే, దాన్ని ప్రమాణంగా పెట్టుకోండి.

పాత చిత్రాల్లో ఒక జాతిని, ఒక వర్గాన్ని కించపరిచే చిత్రణలు ఉన్న సందర్భాలు వేరు. మా అమ్మాయికి చూపిస్తున్న తల్లిగా వాటి విషయంలో నాకు ఆందోళన ఉంది, ఆవేదన ఉంది. అయినా వాటిని గుట్టుచప్పుడు కాకుండా కత్తిరించేయడం కన్నా, 2020లో కొన్ని పాత డిస్నీ చిత్రాల ముందు వేసినటువంటి స్పష్టమైన హెచ్చరిక నాకు నిజాయితీగా కనిపిస్తుంది. తప్పు జరిగిందని చెబితే పిల్లలకు దాని గురించి మాట్లాడి చెప్పగలం. లేనట్టే చేస్తే ఏం చెప్పాలి? వ్యాపారం కోసం చేసే కత్తిరింపుల గురించి ఇంతకన్నా గట్టిగా చెప్పాలి. జపాన్ దర్శకుడు మియజాకి తీసిన ‘నౌసికా’ను 1985లో అమెరికాలో 20 నిమిషాలకు పైగా కత్తిరించి, వేరే పేరుతో విడుదల చేశారు. ఆ చిత్రాన్ని పూర్తిగా చూడడానికి అక్కడి ప్రేక్షకులు ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ అనుభవం తర్వాత ఆయన చిత్రాలకు కత్తిరింపులు ఒప్పుకోబోమన్న షరతు వచ్చింది.

మార్పులు చేయవలసి వచ్చినప్పుడు చేయండి, కాకపోతే చెప్పి చేయండి. ఈ ప్రతిని ఏ మూలం నుంచి తయారుచేశారో, ఏ నిష్పత్తిలో చూపిస్తున్నారో, ఏవైనా దృశ్యాలు తీసేశారో లేదో, డబ్బింగ్ కొత్తదో పాతదో నాలుగు పంక్తుల్లో చిత్రం ముందుగానీ, వివరాల పేజీలోగానీ రాస్తే సరిపోతుంది. నేను క్యాసెట్ కోసం వెతికిన నెలలన్నీ ఆ నాలుగు పంక్తులు లేకపోవడం వల్లే. క్యాసెట్ దొరకనివాళ్ల మాటేమిటి? వాళ్లు తమ జ్ఞాపకమే తప్పనుకుని సర్దుకుపోయి ఉంటారు. తెర మీద ఎప్పుడూ లేనిదాన్ని ఉన్నట్టు తలచుకున్నామనుకుని సిగ్గుపడి, పిల్లలకు చెప్పడం మానేసి ఉంటారు.

క్యాసెట్ దొరికిన రోజు సాయంత్రం మా అమ్మాయికి ఆ ఒక్క సన్నివేశం చూపించాను. బొమ్మ వణుకుతోంది, సగం రంగులు లేవు. ఆమె వాటిని పట్టించుకోలేదు. తోక కదిలే దాకా ఊపిరి బిగబట్టి చూసి, "అయితే దానికి తెలుసన్నమాట, ఆ పిల్ల వెళ్లిపోతోందని" అంది. నాకు ఆ సంగతి అర్థం కావడానికి ముప్పై ఏళ్లు పట్టింది, కుక్క కనిపించాక ఆమెకు అరనిమిషం చాలింది.

ఆ చిత్రం హక్కులున్న సంస్థకు ఇదివరకే విడిగా ఉత్తరం రాసి, ఆ సన్నివేశం ఏ నిమిషంలో, ఏ సెకనులో వస్తుందో తెలియజేశాను. మూల నెగటివ్ మీ దగ్గర భద్రంగా ఉంటుందని నమ్ముతున్నాను. ఒకవేళ పోలిక కోసం పాత ప్రతి కావలసి వస్తే, నా క్యాసెట్‌ను జాగ్రత్తగా ప్యాక్ చేసి పంపడానికి సిద్ధంగా ఉన్నాను. అది చూసేటప్పుడు, పిల్ల మలుపు తిరిగే దాకా ఆగి, బొమ్మ అడుగుభాగం చూడండి.

ఇట్లు,
గౌరవాభిమానాలతో,
ఆ చిత్రాన్ని చూస్తూ పెరిగిన ఒక ప్రేక్షకురాలు